పొయ్యి వాయవ్యంలో పెట్టించిన మేస్త్రి

మా ఇల్లు కట్టిన మేస్త్రి గారు మొన్న శుక్రవారం పోయారు. వాళ్ళమ్మాయి ఫోన్ చేసి చెప్పింది. వినగానే నాకు ఏడుపు రాలేదు, భయం వేసింది. గాలి లేచిన రోజున ఇక ఎవరిని అడగాలి? చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది, కానీ అదే నిజం.

కొత్తపట్నం అవతల, సముద్రానికి దగ్గర్లో, సరుగుడు తోట పక్కన ఉంటాం. అక్కడే మా పాత తాటాకుల ఇల్లు ఒక వేసవి మధ్యాహ్నం కాలిపోయింది. పొయ్యిలోంచి ఎగిరిన రవ్వ చూరుకు అంటుకుంది. పిల్లలిద్దరినీ చంకనేసుకుని బయటపడ్డాను. ఆ తర్వాత అగ్గిపుల్ల గీయాలన్నా అత్తగారినే పిలిచేదాన్ని.

కొత్త ఇల్లు కట్టడానికి వచ్చిన మేస్త్రి గారు మొదటి రోజు టేపు తీయలేదు. ఎండిన సరుగుడు ఆకు గుప్పెడు పోగేసి, పక్కన నీళ్ళ బిందె పెట్టుకుని ముట్టించారు. రవ్వలు ఎటు పోతున్నాయో చూస్తూ కూర్చున్నారు. అలా మూడు రోజులు. పిచ్చి మేస్త్రి దొరికాడని మా ఆయన నవ్వారు. నేను ఆ కాస్త మంటకే దూరంగా పోయి నిలబడ్డాను.

నాలుగో రోజు, "వంటిల్లు వాయవ్యంలో పెడదామమ్మా" అన్నారు. మా అత్తగారు ఇంతెత్తున లేచారు.

"పొయ్యి ఉండాల్సింది ఆగ్నేయంలో. ఊరందరికీ లేనిది మాకేంది?"

"ఊరందరికీ సముద్రం ఎదురుగా లేదు కదమ్మా. ఎండాకాలం గాలి ఆగ్నేయం నుంచే కొడద్ది. పొయ్యి ఆ మూలుంటే మంట ఇల్లంతా తిరుగుద్ది. వాయవ్యంలో ఉంటే బయటికి పోద్ది. శాస్త్రం కూడా ఒప్పుకుంటదంట, మీ పంతులుగారినే అడగండి."

అడిగాం. పంతులుగారు తలూపారు. అత్తగారు వారం రోజులు మేస్త్రితో మాట్లాడలేదు. కాలిపోయిన ఇంట్లో పొయ్యి ఆగ్నేయంలోనే ఉండేది. ఆ మాట పైకి అనే ధైర్యం మాలో ఎవరికీ లేకపోయింది.

కిటికీలకు ఇనుప తలుపులు పెట్టించారు. గోడల చుట్టూ ఇరవై అడుగుల మేర ఇసుక తప్ప ఏమీ ఉండకూడదన్నారు. "నిప్పు మొండి చుట్టం తల్లీ, కూర్చోను చోటిస్తే లేవదు" అనేవారు.

పోయిన వేసవిలో ఎండ తట్టుకోలేక ముంగిట తాటాకు పందిరి వేయించాను. చూడటానికి వచ్చిన మేస్త్రి గారు గుంజలు పీకేశారు. నాకు ఒళ్ళు మండింది.

"ఇల్లు మాదండీ" అన్నాను.

"ఇల్లు మీదేనమ్మా. భయం నాది."

పది రోజులకు పట్టపగలే సరుగుడు తోట అంటుకుంది. మా ఆయన ఒంగోలు వెళ్ళి ఉన్నారు. ఇనుప తలుపులు బిగించి, పిల్లలనూ అత్తగారినీ నడిమి గదిలో కూర్చోబెట్టాను. స్లాబు మీద నిప్పులు టపటపా రాలుతున్నాయి. పందిరే ఉండి ఉంటే అన్న ఆలోచన తప్ప నాకింకేమీ తోచలేదు. అత్తగారు నా చేయి వదల్లేదు.

తోట కాలి చల్లబడ్డాక తలుపు తీశాను. మేస్త్రి గారు స్కూటర్ ఇసుకలో పడేసి పరుగున వస్తున్నారు. మమ్మల్ని దాటుకుపోయారు. నేరుగా తోట వైపున్న ఆగ్నేయం మూలకు పోయి, జ్వరం వచ్చిన బిడ్డ నుదురు చూసినట్టు, మసిబారిన గోడ మీద అరచేయి ఆనించారు.

"దారంతా వణికిపోయానమ్మా" అన్నారు. గోడ మీంచి చేయి మాత్రం తీయలేదు.