సంచీలో సంస్కృతం

తిరుపతిలో ఇంటర్ పిల్లలు సంస్కృతం తీసుకునేది నేర్చుకోవడానికి కాదు, మార్కులకు. గైడు బట్టీ పడితే చాలు, జవాబులు తెలుగు లిపిలోనే రాసేయొచ్చు. ఈ సంగతి తల్లిదండ్రులకు తెలుసు, ప్రిన్సిపాల్‌కు తెలుసు, పాఠం చెప్పే నాకూ తెలుసు. తెలిసి తెలిసీ ఆ ఏడు నాకు ఒళ్లు మండింది.

గైడు పక్కన పెట్టి క్లాసుకు గుడ్డసంచీ తీసుకుపోవడం మొదలుపెట్టాను. దాంట్లో తాళంకప్ప, దువ్వెన, చెంబు, ఒక మామిడికాయ. ఒక్కోటి తీసి సంస్కృతంలో అడుగుతాను, సంస్కృతంలోనే చెప్పాలి. లేచి తలుపు తీయమంటాను, పక్కవాడి పెన్ను తెమ్మంటాను. మధ్యలో తెలుగు మాట్లాడినవాళ్లు బోర్డు తుడవాలి. మొదట్లో మా బోర్డు తళతళలాడేది. పోనుపోను దుమ్ము పట్టింది.

ఈలోగా వారం పరీక్షలో మా సెక్షన్ మార్కులు పడిపోయాయి. ప్రిన్సిపాల్ పిలిపించారు.

"సూడండి మేడం, శనివారం నేనే వచ్చి అడుగుతా. పిల్లోళ్లు చెప్పలేకపోతే సెక్షన్ ఇంకొకరికి ఇచ్చేస్తా. వాళ్ల పెద్దోళ్లు నన్ను నిలదీస్తా ఉండారు."

ఆయన మాటలో తప్పేమీ లేదు. అందుకే ఇంకా కోపం వచ్చింది.

శనివారం వచ్చీ రాగానే ఆయన నగరి నుంచి వచ్చిన ఒక అమ్మాయిని లేపారు. ఇంటిదగ్గర మరమగ్గాలు, ఇక్కడ హాస్టల్. క్లాసులో ఆ పిల్లకు గొంతు పెగలదు. ఇంకెవరూ దొరకలేదా ఈయనకు అనుకున్నాను. మొదటి పాఠంలో శ్లోకం చెప్పమన్నారు. ఆ పిల్ల పుస్తకం మూసి పక్కన పెట్టింది.

"శ్లోకం రాదు సార్. మా ఇంటి గురించి చెప్తా," అంది చివరికి. "మమ పితా వస్త్రం వయతి."

మా నాయన బట్ట నేస్తాడు అని. అమ్మ నూలు చుడుతుంది, యంత్రం పెద్దగా మోగుతుంది. తడబడుతూనే, అన్నీ సొంత వాక్యాలు. "సూత్రం త్రుట్యతి," దారం తెగుతుంది, అంది. అక్కడ మాట దొరక్క ఆగిపోయింది. బొటనవేలు, చూపుడువేలు కలిపి గాల్లో మెలిపెడుతూ నావైపు చూసింది. మాట నా గొంతుదాకా వచ్చింది. అందించకూడదు, అది పరీక్ష.

"బాగుండాది మేడం," అన్నారు ప్రిన్సిపాల్, నిజంగానే మెచ్చుకుంటూ. "కానీ పేపర్లో దీనికి మార్కు యాడుండాది?"

సోమవారం నుంచి ఆ సెక్షన్‌కు వేరే మేడం, అదే గైడు. వరండాలో పోతుంటే పిల్లల బట్టీ వినబడేది.

ఆ వారాంతం బస్టాండులో నగరి బస్సు దగ్గర ఆ పిల్ల కనబడింది. నేను తప్పుకోబోతే పరుగెత్తుకొచ్చింది.

"మేడం, దారం తెగితే ముడేస్తాం గదా. ఆ ముడిని ఏమంటారు? మీరు చెప్పలా."

"ఇప్పుడెందుకే? నేను నీ టీచర్ని కూడా కాదు."

"నాయనకు చెప్పాల మేడం. ఇంటికాడ ముడేసేది నేనే. ఫోన్లో ఆడిదాకా చెప్పి ఆపేసినా. తర్వాతేమని అడుగుతా ఉండాడు."

"గ్రంథి," అన్నాను.

"అహం గ్రంథిం కరోమి," నేను ముడి వేస్తాను, అని గొణుక్కుంటూ బస్సెక్కింది. కూర్చున్నాక కిటికీలోంచి ఇంకోసారి గట్టిగా చెప్పింది. అలవాటుకొద్దీ తప్పు వెతికాను, లేదు.