అమ్మ కూర్చోగలిగే ఎత్తు

కారు కొంటున్నామని ఎవరికీ చెప్పకుండా ఉండాల్సింది. చెప్పాం. నల్గొండలో ఇంతమంది మోటారు పండితులున్నారని నాకు అప్పటిదాకా తెలియదు. మా స్కూల్లో లెక్కల సారు పెట్రోల్ బండే కొనమన్నాడు. తెలుగు టీచర్ తెల్ల రంగు మాత్రం వద్దన్నది, మా ఎర్రమట్టికి రెండు రోజుల్లో రంగు మారిపోతుందట. సొంతానికి సైకిల్ కూడా లేని మా వీధి ఇస్త్రీ ఆయన టైర్ల గురించి నాకు అరగంట పాఠం చెప్పాడు. ఇక మా ఆయన సంగతి సరేసరి. అన్నం తిని చెయ్యి కడుక్కోగానే ఫోన్ పట్టుకుని చిన్నకార్ల వీడియోలు పెట్టేవాడు. అందులో ఎవరో ఒకాయన కారు చుట్టూ ప్రదక్షిణం చేస్తూ, డిక్కీలో సూట్‌కేసులు పట్టించి చూపిస్తుంటాడు.

"మనకు గన్ని సూట్‌కేసులు యాడున్నయి?" అని అడిగాను.

"జర విననియ్యవా!" అని విసుక్కున్నాడు.

నాకు కావలసింది వేరు. మా అమ్మ ఎవరి చెయ్యీ పట్టకుండా తనంతట తాను ఎక్కి, తనంతట తాను దిగే కారు కావాలి. ఆ ఒక్క ముక్కా ఏ వీడియోలోనూ చెప్పరు.

అమ్మ నా దగ్గరే ఉంటుంది. ఆమె మోకాళ్లు ఏనాడో పోయాయి. మా పాత ఊరి ఫ్లోరైడ్ బోరునీళ్లు తాగి పెరిగిన వాళ్లలో మోకాళ్లు బాగున్న వాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అంతకుముందు ఏడాది దవాఖానకు బయల్దేరితే ఆటో ఎక్కలేకపోయింది. అప్పుడు డ్రైవరు, మా ఆయన, పక్కింటాయన కలిసి వడ్ల బస్తాను ఎత్తినట్టు ఎత్తి లోపల కూర్చోబెట్టారు. వీధి వీధంతా గేట్ల దగ్గర నిలబడి చూసింది. ఇంటికొచ్చి మంచినీళ్లు తాగాక అమ్మ నాతో అన్నది, "ముగ్గురు ఎత్తిన్రు గద బిడ్డా. ఇంకొక్కడు కలిస్తే సరిపోతుండె."

నాకు నవ్వొచ్చింది, నలుగురు మోసేది దేన్నో తట్టేదాకా. ఆ రోజు నుంచి అమ్మ గేటు దాటలేదు. పెళ్లిళ్లు, పేరంటాలు, చివరికి చావులు కూడా మానేసింది. ఎవరు పిలిచినా ఒకటే మాట, "నన్ను ఎవ్వలు ఎత్తొద్దు."

అన్నిటికీ ఓర్చుకుంది గానీ, ఒక్కదానికి ఓర్చుకోలేకపోయింది. అమ్మకు ఒక్కతే అక్క. మా పెద్దమ్మను హుజూర్‌నగర్ అవతల కాలువ నీళ్ల ఊరికి ఇచ్చారు. ఆమె మోకాళ్లు కొంచెం నయం, చెవులు మాత్రం మొండికేశాయి, చుట్టూ ఏ కాస్త రొద ఉన్నా మాట అందదు. ఇద్దరూ రోజూ పొద్దుగూకే వేళ ఫోన్‌లో మాట్లాడుకునేవాళ్లు. మాట్లాడుకోవడమంటే ఏముంది, అమ్మ అరవడం, అటు నుంచి పెద్దమ్మ "ఆఁ? ఆఁ?" అనడం. "అన్నం తిన్నవా అక్కా?" అని అమ్మ అరిస్తే, "నిన్న పడ్డది, ఇయ్యాల లేదు" అని పెద్దమ్మ వాన సంగతి చెప్పేది. మా వీధిలో అందరికీ పెద్దమ్మ ఇంటి విషయాలు తెలుసు, పెద్దమ్మకే మా ఇంటివి తెలియవు.

ఒకరోజు మాట్లాడి అమ్మ ఫోన్ నా చేతికిచ్చేసింది. "ఫోన్ల అక్క దొరుకతలేదు బిడ్డా. దానికి చెప్పేటియి ఉన్నయి. పక్కన కూసుంటే చెప్పొచ్చు" అన్నది.

"ఏం చెప్పాలె? నాకు చెప్పు, నేను పోయి చెప్పొస్త" అన్నాను.

"నీకు చెప్పేటియి అయితే నీకే చెప్తుంటి గద" అన్నది.

ఆ మాట నాకు చురుక్కుమంది, దాచడం ఎందుకు. కానీ ఆ రాత్రే కారు కొనాలని నిర్ణయించుకున్నాను. యాభై దాటాక కాలేజీ గ్రౌండులో స్టీరింగ్ నేర్చుకున్నదాన్ని. మా ఆయనకు నా డ్రైవింగ్ మీద పెద్ద నమ్మకం లేదు, నాకు ఆయన కోపం మీద పెద్ద భయం లేదు.

వరండాలో అమ్మ కూర్చునే చెక్క కుర్చీ ఒకటుంది. కాళ్ల కింద ఇటుకలు పెట్టి ఎత్తు చేశాం. లోకంలో అమ్మ ఎవరి సాయం లేకుండా లేవగలిగేది ఆ కుర్చీలోంచే. నేను ఒక సుతిలి తాడు తీసుకుని నేల నుంచి ఆ కుర్చీ అంచు దాకా కొలిచి ముడి వేసుకున్నాను. ఆ తాడు హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుని షోరూములన్నీ తిరిగాను. వాళ్లు తెర మీద పాటలు పెట్టి చూపిస్తుంటే నేను వెనక తలుపు తీసి, వంగి, తాడు వేలాడదీసేదాన్ని. ఒక కారులో సీటు ముడికి బెత్తెడు కిందుంది, అందులో కూర్చుంటే అమ్మను మళ్లీ ముగ్గురు లేపాల్సిందే. ఇంకొకటి బాగా ఎత్తు, దానికి నిచ్చెన కావాలి. ఒకచోట అమ్మాయిలు నన్ను చూసి నవ్వుకున్నారు. నవ్వనీ, వాళ్ల మోకాళ్లు చల్లగా ఉండాలి.

చివరికి ఊరి బయట ఒక షోరూములో, మా ఆయన వీడియోల్లో మార్కులు తక్కువ పడ్డ ఒక చిన్నకారు దగ్గర తాడు వదిలితే, ముడి సరిగ్గా సీటు అంచుకు ఆనింది. తలుపు కూడా బారెడు తెరుచుకుంది. పైన పట్టుకోవడానికి పిడి ఉంది. నాకు అక్కడే దండం పెట్టుకోవాలనిపించింది.

"డిక్కీ చిన్నగుంది" అన్నాడు మా ఆయన.

అమ్మేవాడు నలభై ఏళ్ల మనిషి, మహా ఓపికస్తుడు. నేను తాడుతో ఏం చేస్తున్నానో అడగకుండానే కారు గుణగణాలు చెప్పుకుపోయాడు. "అద్దాలు ఎక్కిస్తే బయటి సప్పుడు లోపలికి రాదు మేడం. లారీ హారన్ కొట్టినా మీకు తెల్వదు" అన్నాడు.

"హారన్ తెల్వకపోతే సస్తం గదయ్యా! గది కూడ గొప్పేనా?" అన్నాను. పాపం, నవ్వేశాడు.

తాడు ఒప్పుకుంటే చాలదు, అమ్మ ఒప్పుకోవాలి. అందుకని నడిపి చూసే కారును ఇంటికే తెమ్మన్నాం. మరునాడు పొద్దున అమ్మేవాడు తెచ్చి గేటు ముందు ఆపాడు. లోపలికి పిలిచి టీ ఇచ్చాం. టీ తాగి ముగ్గురం బయటికొచ్చేసరికి అమ్మ కారు దగ్గరుంది. అంతకుముందు మా ఆయన అమ్మతో "ఇయ్యాల కారొస్తాంది" అన్నాడు, అంతే చెప్పాడు. కారు వచ్చిందంటే కొన్నట్టే కదా, అమ్మ లెక్కలో. కొన్న బండికి మా వైపు బొట్టు పెట్టకుండా ఎవరూ ఎక్కరు. గోడ పట్టుకుని, కర్ర పట్టుకుని, ఎట్లా వెళ్లిందో గానీ బానెట్ నిండా పసుపు పూసి కుంకుమ బొట్లు పెట్టింది. అద్దం పక్కన బంతిపూలు. ముందు టైర్ల కింద నిమ్మకాయలు, కర్రతో తోసి ఉంటుంది. గేటు రాయికేసి కొబ్బరికాయ కొట్టి, ఆ నీళ్లు కారు మీద చల్లుతోంది.

"అమ్మా, గిది మీది కాదమ్మా! ట్రయల్ బండి! ఇంకా మందికి సూపియ్యాలె!" అని అమ్మేవాడు తల పట్టుకున్నాడు.

అమ్మ ఏమాత్రం తొణకలేదు. "ఎవ్వలదైతేంది కొడుకా? ఎక్కేది మనుషులే గద. మంచిగుండాలెనని పెట్టిన" అన్నది.

నాకు నవ్వు ఆగలేదు. మా ఆయన మాత్రం ఎటూ తేల్చుకోలేక కొబ్బరి చిప్ప చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

ఇక ఎక్కాలి. నేను తలుపు తీసి చెయ్యి చాచాను. అమ్మ నా చేతి వైపు చూసి, తర్వాత మా అందరి వైపూ చూసింది. "అందరు అటు తిరుగున్రి" అన్నది.

తిరిగాం. నేను, మా ఆయన, ఆ అమ్మేవాడు ముగ్గురం మా ప్రహరీగోడకు ముఖం పెట్టి, బడిలో శిక్ష పడ్డ పిల్లల్లాగా నిలబడ్డాం. వెనక కర్ర కారుకు ఆనించిన చప్పుడు. గాజులు గలగలమన్నాయి. ఒక మూలుగు. ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు. కింద పడిందేమో, తిరిగి చూడాలా, చూస్తే జన్మలో క్షమించదేమో అని నాలో నేను కొట్టుకుంటున్నాను.

"కూసున్న" అన్నది అమ్మ.

తిరిగి చూస్తే, కాళ్లు రెండూ లోపల పెట్టుకుని, కొంగు సర్దుకుని, ఎదురింటి గేటు వైపు తల ఎత్తి కూర్చుని ఉంది. నేను స్టీరింగ్ పట్టుకుని నల్గొండలో ఉన్న స్పీడ్‌బ్రేకర్లన్నీ ఎక్కించి దించాను. కారు గేరు ఎలా పడుతోంది, బ్రేకు ఎలా ఉంది అని అమ్మేవాడు అడుగుతుంటే ఏదో చెప్పాను. నా చూపంతా అద్దంలో అమ్మ ముఖం మీదే ఉంది. బస్టాండు, గడియార స్తంభం, కూరగాయల బండ్లు, అన్నీ కొత్తగా చూస్తోంది. గేటు దాటి ఎన్నాళ్లయిందో అప్పుడు గుర్తొచ్చి ఇంకో చుట్టు తిప్పాను.

ఆ సాయంత్రం అమ్మేవాడు అదే కారు వేసుకుని మళ్లీ వచ్చాడు. బొట్లు చూసి, ఇది ఎవరో కొని తిరిగిచ్చిన బండేమోనని జనం అనుమానిస్తున్నారట. "నాకు తుడువ మనసొస్తలేదమ్మా. పెట్టిన చెయ్యే తుడువాలె" అన్నాడు. అమ్మ కాదనలేదు. తన కొంగు తడిపి బానెట్ అంతా తుడిచి, ఆ పసుపు కుంకుమల కొంగును ముడి వేసుకుంది. మేం బుక్ చేసిన కారు వచ్చేదాకా ఆ చీరను ఉతకనివ్వలేదు. వచ్చిన రోజు ఆ ముడి విప్పి, ఆ కొంగుతోనే కొత్త బానెట్‌ను ఒకసారి రుద్దింది. అప్పుడే అందరం లోపల కూర్చున్నాం.

ముందు యాదగిరిగుట్టకు తీసుకెళ్లి పూజ చేయించాలని మా ఆయన పట్టు. అమ్మ ఒప్పుకోలేదు. "స్వామి యాడికి పోడు అల్లుడా. మేమే పోయేటోళ్లం. ముందుగాల అక్క కాడికి పోదాం" అన్నది. అటే బయల్దేరాం.

కోతల కాలం. మిర్యాలగూడ దాటాక సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉన్నాయి. పెద్ద బండ్లు ఆగి ఆగి పోతుంటే మా చిన్నకారు ఆ మిగిలిన సగంలోంచే హాయిగా పోయింది. మా ఆయన మొదటిసారి "పర్వాలేదు" అన్నాడు. కారు గురించో, నా డ్రైవింగ్ గురించో నేను అడగలేదు.

పెద్దమ్మ వాళ్ల ఇల్లు ఎత్తు మీద కట్టింది, మెట్లున్నాయి. ఆ సంగతి మేమెవ్వరం ఆలోచించలేదు. అమ్మ కారు దిగి మెట్ల దగ్గర నిలబడిపోయింది. పెద్దమ్మే మెల్లగా దిగి వచ్చి అమ్మ బుగ్గలు రెండు చేతులతో పట్టుకుంది. పెద్దమ్మ కోడలు వాకిట్లో నులక మంచం వాల్చింది. "దాంట్ల కూసుంటే మల్ల లేవ" అన్నది అమ్మ. ప్లాస్టిక్ కుర్చీ తెచ్చారు, అదీ పల్లమే. పక్క చేన్లో కోత మిషను రొద. అమ్మ పెద్దమ్మ చెవిలో ఏదో చెప్పింది. "ఆఁ?" అన్నది పెద్దమ్మ. అమ్మ గట్టిగా చెప్పింది. "ఆఁ?" ఇంత దూరం వచ్చింది ఈ "ఆఁ?" కోసమేనా అని నాకు ప్రాణం ఉసూరుమంది.

అమ్మ కర్ర తిప్పి కారు వైపు నడిచింది. తలుపు తట్టి పెద్దమ్మకు సైగ చేసింది. మా వైపు చూసి, "అటు తిరుగున్రి" అన్నది. అందరం తిరిగాం. మళ్లీ చూసేసరికి అక్కాచెల్లెళ్లిద్దరూ వెనక సీట్లో ఉన్నారు.

"అద్దాలు ఎక్కియ్ బిడ్డా" అన్నది అమ్మ. నేను ముందు కూర్చుని ఇంజన్ ఆన్ చేసి, ఏసీ వేసి, అద్దాలు ఎక్కించాను. మిషను రొద ఠక్కున ఆగిపోయింది. "ఎంత సల్లగుంది, ఎంత నిమ్మలముంది" అన్నది పెద్దమ్మ.

"ఇగ నువ్వు దిగు" అన్నది నాతో అమ్మ.

దిగాను. మా ఆయన దగ్గరికొచ్చి, "బండి నిలబడి పెట్రోల్ తాగుతాంది" అన్నాడు.

"తాగితే తాగనీ" అన్నాను.

అద్దంలోంచి ఇద్దరూ కనిపిస్తున్నారు. అమ్మ అరవడం లేదు. పెదవులు మెల్లగా కదులుతున్నాయంతే. పెద్దమ్మ తల ఊపుతోంది, మధ్యలో ఏదో అడుగుతోంది, మళ్లీ తల ఊపుతోంది. కాసేపటికి అమ్మ ఏడ్చింది. పెద్దమ్మ తన కొంగుతో తుడిచింది. ఆ తర్వాత ఇద్దరూ భుజాలు ఎగిరేలా నవ్వారు. నేను సిగ్గు విడిచి తలుపు దగ్గరికి వెళ్లి, అద్దానికి చెవి ఆనించాను.

ఒక్క ముక్క కూడా వినిపించలేదు. షోరూం ఆయన అబద్ధం చెప్పలేదు.