ఒకటో నంబరు అర్జీదారు

నేను రాసిన ప్రతి అర్జీకీ ఒక నకలు నా పుస్తకంలో ఉంటుంది. ఆళ్ళగడ్డలో తాలూకా కచేరీ ఎదుట, మా ఇంటి వసారాలో బల్ల వేసుకొని కూర్చున్న మొదటి రోజు నుంచీ అది నా నియమం. ఆ పుస్తకాలన్నిటిలో నేను తెరవడానికి జంకే పుటలు రెండున్నాయి.

అంటరానితనం నేరమని చట్టం వచ్చి అప్పటికి రెండేళ్ళు దాటింది. కోయిలకుంట్ల దారిలోని ఒక పల్లె నుంచి, ఊరి వెలుపల ఉండే పేటవాళ్ళు నా దగ్గరికి వచ్చారు. అందరూ క్రైస్తవులు. సర్కారు తవ్వించిన బావిలో వాళ్ళను చేద వేయనివ్వరు. ఎవరో ఒకరు తోడి పోసేదాకా ఆడవాళ్ళు కడవలతో గట్టు దిగువన నిలబడాలి. వింటుంటే నాకు ఒళ్ళు మండింది. చట్టాన్ని ఉటంకిస్తూ నంద్యాలలోని పై అధికారికి అర్జీ రాశాను. అందులో ఒక్క మాట కూడా బతిమాలినట్టు ఉండదు. అందుకు ఇప్పటికీ గర్వపడతాను. తప్పు జరిగింది పేర్ల దగ్గర.

వాళ్ళలో పెద్దవాడు ఊరి ఆసామి చేనును, పంటలో సగమిచ్చే ఒప్పందం మీద, చాలా ఏళ్ళుగా కోరుకు చేస్తున్న రైతు. అతని భార్య కొంగు చాటు నుంచి ఒక ఇత్తడి పళ్ళెం తీసి నా బల్ల మీద బోర్లించింది.

"దీని సుట్టూ గీత గీయప్పా. గీత మీద అందరం ఏలిముద్రలేస్తాం," అంది. తమ చర్చి పంతులును మార్చమని మిషను పైవాళ్ళకు రాసినప్పుడు సంఘమంతా అలాగే వేసిందట.

"అర్జీకి ఒక పద్ధతుంటాదమ్మా. ఇదేమన్నా ముగ్గనుకుంటివా?" అన్నాను. వెంట వచ్చినవాళ్ళు నవ్వారు.

ఆమె నవ్వలేదు. "ముగ్గుకు మొదలు యాడుందో సూసినోళ్ళకు తెల్దు గదప్పా. అందుకే అడుగుతాండా."

"ఊరకుండుమే. రాసే ఆయప్పకు తెల్దా?" అని భర్త కసిరాడు.

పళ్ళాన్ని పక్కకు జరిపి, వయసు ప్రకారం నంబర్లు వేశాను. ఒకటి ఎదుట అతని పేరు రాసి, వేలు పట్టుకొని ముద్ర వేయించాను.

అర్జీ పనిచేసింది. విచారణకు వచ్చిన ఉద్యోగి ఊరందరి ముందు కాగితం విప్పి, "ఒకటో నంబరు అర్జీదారు ఎవరు?" అని పిలిచాడు. అతను లేచి నిలబడ్డాడు. ఆసామి ఎదురుగానే కూర్చొని ఉన్నాడు. నెల తిరగకముందే ఆ బావిలో పేట ఆడవాళ్ళ చేదలు పడ్డాయి. విత్తనం వేళకు చేను మరొకరి చేతికి పోయింది. రెండో నంబరు నుంచి తక్కినవాళ్ళ జోలికి ఎవరూ రాలేదు.

చేను తిరిగి ఇప్పించమని రాయించడానికి వాళ్ళు మళ్ళీ వచ్చారు. ఈసారి ఆమె పళ్ళెం తేలేదు.

"నీ పద్ధతి మంచిదేలేప్పా. నీళ్ళొచ్చినాయి, చేను పాయ," అంది.

నేనే లోపలికి వెళ్ళి మా ఇంటి పళ్ళెం తెచ్చి గుండ్రంగా గీత గీశాను. అందరూ ముద్రలు వేశారు. ఆమె ముద్రకూ భర్త ముద్రకూ నడుమ కొంత చోటు మిగిలింది. ఆమె సిరాను నా వైపు జరిపింది.

"ఈడ నీదెయ్యి."

ఎందుకు అడిగిందో నాకు తెలుసు. కోరు ఒప్పందం నోటి మాట మీదిది, కాగితం లేదు. ఆసామి నాకు మేనమామ వరస. ఆ చేను ఇన్నేళ్ళూ ఆమె భర్తే చేశాడని ఆసామి బంధువుల్లో ఒకరు చెబితే ఆ మాటకు బలముంటుంది.

"రాసేవాడు అర్జీదారు కాడమ్మా," అన్నాను.

"సుట్టూ గీసినావు గదప్పా. నువ్వు మొదలెట్ల అయితావు?"

నేను కలం తుడుచుకుంటూ కూర్చున్నాను. ఆమె సిరాను వెనక్కి జరిపింది.

కాగితం ఆధారం లేదన్న కారణంతో ఆ అర్జీ వీగిపోయింది. దాని నకలు కూడా నా పుస్తకంలో ఉంది. నకలు కాబట్టి ఉన్నది ఉన్నట్టే దించాను: గుండ్రటి గీత, దాని వెంట పేర్లు, ఆలుమగల పేర్ల నడుమ ఒక బొటనవేలు పట్టేంత ఖాళీ.