హామిల్టన్‌లో గురువుగారి వర్ధంతి

రెండు వేల పదిహేను అక్టోబరులో ఒక శనివారం, పదకొండున్నరకు ఆక్లండ్ శివారు టకానినిలో రైలెక్కాను. టాంజానియా తొలి అధ్యక్షుడి వర్ధంతి సభ ఆ రోజు నాలుగు గంటలకు హామిల్టన్‌లో ఉందని ఎవరో ఆ దేశపు భాష స్వాహిలీలో పెట్టిన మెసేజ్ నా దాకా వచ్చింది. రాజకీయాల్లోకి రాకముందు ఆయన బడిపంతులు. అందుకే దేశమంతా గురువుగారనే పిలిచేది. ఆ దేశంలోని దారెస్సలాం నగరంలో బడిపిల్లలకు లెక్కలు చెప్పిన మా నాన్ననూ అలాగే పిలిచేవారు. నేను పుట్టి పెరిగింది అక్కడే. ఆక్లండ్ తెలుగువాళ్ల పార్టీల్లో ఆ మాటెత్తితే ‘ఆఫ్రికాలోనా!’ అని బిర్యానీ వైపు నడిచేస్తారు. ఒక్క పూటైనా ఆ భాష మాట్లాడి, ఆ మనుషుల్లో ఒకడిగా కూర్చోవాలని నా ఆశ.

సిటీలో దిగి హామిల్టన్ వెళ్లే ఒంటిగంట బస్సు పట్టుకున్నాను. టికెట్ ముందుగా తీసుకుంటే చవక. పక్క సీట్లో వరంగల్ కుర్రాడు. చదువు ముగించి మనురేవాలో షాపులో పనిచేస్తున్నాడట. ఎక్కడికని అడిగితే చెప్పాను.

“గా పెద్దాయన ఏం జేసిండు అంకుల్?”

“వందకు పైగా తెగలను ఒక్క భాషతో కలిపాడు. పదవి తనంతట తానే వదిలాడు.”

“తనంతట తనే దిగిండా! గట్ల ఎవరన్న దిగుతరా?” అని నవ్వి ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నాడు. దారిలో హంట్లీ ఊరు దాటేదాకా కిటికీలోంచి నది చూస్తూ కూర్చున్నాను.

మూడు దాటాక దిగి, కెఫేలో శాండ్‌విచ్ తిని, నాలుగింటికి పది నిమిషాలుండగా హాలుకు చేరాను. లోపల ఒక పెద్దావిడ ఒక్కతే నేల ఊడుస్తోంది. గురువుగారి ఫొటోకి వేసిన పూలదండ అప్పటికే వాడింది.

“సభ ఎప్పుడు?” అని స్వాహిలీలో అడిగాను.

“పొద్దున్నే అయిపోయింది నాయనా. నాలుగో గంటకని రాశాం కదా?”

నాకు తల కొట్టేసినట్టయింది. అక్కడ గంటలు సూర్యోదయం నుంచి లెక్కపెడతారు. నాలుగో గంటంటే ఉదయం పది. చిన్నప్పుడు బడికి వెళ్లింది ఆ లెక్కతోనే. తద్దినం ముగిశాక విస్తరి వెతుక్కుంటూ వచ్చిన భోక్తలా నిలబడ్డాను. నేను ఆ ఊరివాణ్నని చెప్పుకోవడానికి ఇంక మొహం చెల్లలేదు.

ఆవిడ పేరు మామా రెహెమా. స్వాహిలీలో మామా అంటే అమ్మ. ఫ్లాస్కులో మిగిలిన టీ పోసి కూర్చోబెట్టింది. “మా పల్లె ఖాళీ చేయించి, మమ్మల్ని బలవంతాన లారీ ఎక్కించి ఆయన పెట్టిన కొత్త ఊళ్లో దింపారు. మా అమ్మ చచ్చేదాకా ఆయన్ని తిట్టింది. ఆ ఊరి బళ్లోనే నేను చదువుకున్నా. అందుకే పూలూ తెస్తా, తిట్లూ చెప్తా,” అంది. “వచ్చిన ప్రతివాళ్లూ ఆయన గురించి లేచి నాలుగు మాటలు చెప్పాలి. మా పద్ధతి. నువ్వూ చెప్పు.”

ఖాళీ కుర్చీల ముందు లేచాను. ఆయన పదవి దిగిన ఏడాది, నాన్న క్లాసులో సుద్దముక్క కింద పెట్టి, “పిల్లలూ, ఈ లెక్క పుస్తకంలో లేదు, చూసి నేర్చుకోండి,” అన్న సంగతి మొదలుపెట్టాను. సగంలో స్వాహిలీ అయిపోయింది. ఎంత తడుముకున్నా మాట రాలేదు. సిగ్గుతో ఏడుపొచ్చింది.

“మీ ఇంటి మాటల్లో చెప్పు. వింటాను,” అందామె.

తెలుగులో చెప్పాను. గురువుగారి గురించి మొదలైంది నాన్న దగ్గరికి వెళ్లిపోయింది. ఆవిడకు ఒక్క ముక్క అర్థం కాకపోయినా చీపురు పక్కన పెట్టి చివరిదాకా విన్నది. తర్వాత నాన్న పేరు అడిగి, ఫొటో ముందు ఇద్దరు గురువుల పేర్లూ కలిపి ప్రార్థన చేసింది.

ఆరున్నర బస్సుకు తిరుగు ప్రయాణం. సగం సీట్లు ఖాళీ. అక్కడి వాణ్నో కాదో ఆ రోజు తేలలేదు. ఒక మనిషి మాత్రం నా మాట చివరిదాకా విన్నది. ఆ సంతోషం ఎవరికైనా చెబుదామని ఫోన్ తీశాను. పేర్లన్నీ పైనుంచి కిందికి చూశాను. గురువుగారంటే ఎవరని అడగకుండా వినేవాళ్లు అందులో ఒక్కరూ లేరు.