మూడో వరసకి ఒక బెత్తెడు

బెత్తెడు బాబాయిని తలుచుకుంటే ముందుగా గుర్తొచ్చేది ఆయన మోచేతుల దాకా అంటుకుని ఉండే ఫోము పొడి. చిన్న కార్లు చేసే ఫ్యాక్టరీలో సీట్ల షాపు ఆయనది. ఫ్రేముకి వెల్డింగు పెట్టడం, పొడుగు కత్తితో ఫోము కోయడం, గుడ్డ తొడిగి తట్టి చూడడం, అన్నీ ఆయన చేతి మీదే నడిచేవి. ఏ కొత్త నమూనా వచ్చినా దాని చుట్టూ రెండు సార్లు తిరిగి, "ఇక్కడ ఓ బెత్తెడు తగ్గిద్దామా?" అనేవాడు. చిన్న కారులో చోటంటే బంగారం. అలా కోసి కోసి, నలుగురు ఇరుక్కునే బండిలో నలుగురు హాయిగా కూర్చునేలా చేశాడు. అసలు పేరు జీతాల కాగితం మీదే మిగిలి, ఫ్యాక్టరీ అంతటికీ ఆయన బెత్తెడు బాబాయి అయిపోయాడు.

అంతటి మనిషి ఇంటివాళ్ళకి మాత్రం చోటు చాలేది కాదు. తల్లి, భార్య, కూతురు, అల్లుడు, ఇద్దరు మనవరాళ్ళు. తను చేసిన కారే గుమ్మం ముందు ఉన్నా, ఎక్కడికి వెళ్ళాలన్నా రెండు విడతలు. రెండో విడతకి ఆగేది ప్రతిసారీ భార్యే. "మీరు పదండి, నేను తాళం వేసి ఉంటా" అనేది. వెళ్ళినవాళ్ళు అక్కడ సర్దుకునేసరికి పొద్దుపోయేది, రెండో విడత ఉండేదే కాదు. ఆవిడ వేసిన తాళం తనే తీసుకుని లోపలికి వెళ్ళిపోయేది.

అందుకే, చిన్న కారు అడుగు చట్రాన్నే కాస్త సాగదీసి, మూడు వరసల్లో ఏడుగురు పట్టే బండిని మామూలు సంసారి కొనగలిగే ధరకి చేద్దామని కంపెనీ అనుకున్నప్పుడు బాబాయి కాలు నేల మీద నిలవలేదు. మూడో వరస సీట్లు మరొకరిని ముట్టుకోనివ్వకుండా తనే చేశాడు.

కొత్త బండిని ఖాయం చేసే ముందు, దాన్ని చేసినవాళ్ళలో ఒకరి ఇంటికి ఆదివారం పంపడం అక్కడి పద్ధతి. దాన్ని ఇంటి పరీక్ష అనేవారు.

"ఈసారి మీ ఇల్లే బాబాయ్" అన్నాడు మేనేజరు. "వెనక వరస మీవాళ్ళకి నచ్చకపోతే పీకేసి, ఐదుగురి బండిగానే అమ్ముకుందాం. మొహమాటం లేకుండా చెప్పు."

కాగితం మీద మూడో వరస పిల్లలది. పిల్లలు కాగితాలు చదవరు కదా. మనవరాళ్ళిద్దరూ మధ్య వరసలో చెరో కిటికీ పట్టేసుకుని, నడుమ ముత్తవ్వని కూర్చోబెట్టుకున్నారు. "నేను వెనక్కి వెళ్తా మామయ్యా" అని అల్లుడు మాటవరసకి అన్నాడు గానీ, అప్పటికే ముందు సీట్లో బెల్టు పెట్టేసుకున్నాడు. భార్యా, కూతురూ మూడో వరసలోకి దూరారు. ఇంటిల్లిపాదీ ఒకే బండిలో కదలడం అదే మొదటిసారి.

ఊరు దాటాక బాబాయి అద్దంలోకి చూస్తూ అడిగాడు. "వెనక ఎలా ఉందే?"

"సింహాసనంలా ఉందండీ."

పెట్రోలు కోసం ఆగినప్పుడు ఆయన వెనక్కి వెళ్ళి అద్దంలోంచి తొంగి చూశాడు. భార్య మోకాళ్ళు ముందు సీటుకి అదిమినట్టున్నాయి. ఎవరూ చూడట్లేదనుకుని, తిమ్మిరెక్కిన పిక్కని పిడికిలితో కొట్టుకుంటోంది.

"సింహాసనం అన్నావుగా?"

"ఆ మాత్రం సర్దుకోలేనా? బాగోలేదంటే తీసేస్తారటగా" అంది ఆవిడ.

"నేను చెబుదామనే అనుకున్నా నాన్నా. అమ్మ మోచేత్తో పొడిచింది" అంది కూతురు.

మధ్య వరసలోంచి బాబాయి తల్లి అందుకుంది. "నీ దగ్గర బాగోలేదని చెప్పే అలవాటు దానికెప్పుడుందిరా? నిన్ను చేసుకున్న రోజు నుంచీ బాగానే ఉందంటోంది."

బాబాయి నవ్వలేదు. బండి బొమ్మ గీసినవాళ్ళు అక్కడ కాళ్ళకి చోటు ఇచ్చారు. వెనక సామాను బాగా పడుతుందని అందులోంచి బెత్తెడు కోసింది తనే. చిన్న కార్లకి అలవాటుపడిన చెయ్యి, పెద్ద బండి చేతికిచ్చినా ఊరుకోలేదు. భలే చేశావని షాపంతా మెచ్చుకుంది కూడా.

తాళాలు అల్లుడికిచ్చి, భార్యని ముందు కూర్చోబెట్టి, తిరుగు ప్రయాణమంతా ఆయన మూడో వరసలోనే చేశాడు.

"తాతయ్యా, నువ్వు మడతకుర్చీలా ఉన్నావు" అంది చిన్న మనవరాలు.

"మాట్లాడించకే. గడ్డం మోకాలికి తగులుతోంది."

మర్నాడు పొద్దున్నే, బండి గీసిన ఇంజినీరమ్మ బల్ల ముందుకు వెళ్ళి నిలబడ్డాడు.

"నేను కోసిన బెత్తెడు మళ్ళీ పెట్టాలమ్మా."

"పెంచమనేది మీరేనా బాబాయ్? ఒంట్లో బాగానే ఉందా?" అందామె. "సామాను చోటు పోతుంది మరి."

"పోనియ్. సామానుకి మోకాళ్ళుండవు."

ఆమె నవ్వి బొమ్మ ముందుకు లాక్కుంది. ఆ బెత్తెడు ఒక్కటే చాలదని ఆమెకి తోచింది. మధ్య సీటు కింద పట్టాలు వేసి ముందుకీ వెనక్కీ జరిగేలా చేస్తే, ఎవరికి కావలసినంత వాళ్ళు పంచుకోవచ్చంది. పట్టాలు ఆమె గీసింది, ఫ్రేము ఆయన వంచాడు. మేనేజరు గొణుక్కుంటూనే ఇంకో ఆదివారం ఇచ్చాడు.

ఈసారి బాబాయి అద్దంలోకి చూడనూ లేదు, అడగనూ లేదు. చాలా దూరం పోయాక వెనక నుంచి భార్య గొంతు వినిపించింది.

"కాళ్ళకి సుఖంగా ఉందండీ. మెడ దగ్గరే కాస్త గట్టిగా ఒత్తుకుంటోంది. చెప్పొచ్చో లేదో మరి."

ఆయన బండి పక్కకి తీసి ఆపి, దిగి వెనక్కి పరిగెత్తాడు. "ఎక్కడ? ఇక్కడా? కాస్త కిందా?"

"అయిపోయింది, దానికిప్పుడు నోరొచ్చింది. ఇక నీ పని పట్టుకుంటుంది చూడు" అంది తల్లి.

మర్నాడు మేనేజరు అడిగాడు. "ఏమన్నారు మీ ఇంట్లో?"

"మెడ దగ్గర గట్టిగా ఉందంది" అన్నాడు బాబాయి, మొహం చేటంత చేసుకుని.

"అంటే నచ్చలేదా?"

"నచ్చింది సార్. నచ్చకపోతే బాగుందనేది."

మేనేజరుకి ఏమీ అర్థం కాలేదు. బాబాయి మొహంలోకి ఓసారి, బండిలోకి ఓసారి చూసి, తనే ఎక్కి మూడో వరసలో కూర్చున్నాడు. కాళ్ళు చాపుకుని, మెడ వెనక్కి వాల్చి, దిగమని ఎవరూ అనకపోతే అక్కడే ఉండిపోయేలా కనిపించాడు. ఆ వరస బండిలో ఉండిపోయింది. బాబాయి అప్పటికే కత్తి తీసుకుని, మెడ దగ్గరి ఫోము మెత్తన చేసే పనిలో పడ్డాడు.