సాక్షులంతా బాయిలోకి దిగారు

ఆగి ఉన్న కారుతో యాక్సిడెంట్ చేసిన డ్రైవర్ గోదావరిఖని మొత్తానికి నేనొక్కడినే. నడిచే బండితో ఎవరైనా చేస్తారు, అందులో గొప్పేముంది? బండి ఆపుకొని, ఎదుటివాడి చేత గుద్దించుకొని, కేసు మాత్రం తన మీదికి తెచ్చుకోవాలంటే దానికి వేరే తెలివి కావాలి. ఎనిమిదో తరగతిలో బడి మానేసిన నాకు ఆ తెలివి ఎక్కడిదో ఇప్పటికీ అర్థం కాదు.

నాది కిరాయి కారు. ఓనర్ని నేనే, డ్రైవర్ని నేనే, పొద్దున్నే బట్ట పట్టుకొని తుడిచేదీ నేనే. నస్పూర్‌లో పెళ్లి, మంచిర్యాలలో రైలు, జైపూర్‌లో చుట్టాలు, ఎవరు ఎక్కడికి పిలిస్తే అక్కడికి పోతాను. నాకు తెలిసిన పనులు రెండే: బండి నడపడం, మనుషుల్ని నవ్వించడం. మొదటిది అన్నం పెడుతుంది. రెండోది ఆ అన్నంలో మన్ను పోస్తుందని ఆ రోజు దాకా తెలియదు.

మా క్వార్టర్ల వరుసలో చివరింట్లో ఒక అవ్వ ఉంటుంది. ఆమె పెనిమిటి బతికున్నన్నాళ్లూ బాయిలోనే పనిచేశాడు. మా వైపు బొగ్గు గనిని బాయి అంటాం. ఆదివారం చర్చికైనా, మధ్యలో దవాఖానకైనా అవ్వకు నా కారే. ఆ రోజు కంటి ఆపరేషన్ కట్టు విప్పించుకొని తిరిగి వస్తున్నాం. ముఖం నిండా నల్లద్దాలు. దుమ్ము పడొద్దని డాక్టర్ చెప్పాడని, ఆ అద్దాల వెనుక కూడా కళ్లు గట్టిగా మూసుకొని నా సీటు వెనకాల కూర్చుంది.

మధ్యాహ్నం రెండు దాటింది. రెండో షిఫ్టు వాళ్లు డ్యూటీకి పోయే వేళ. చౌరస్తాకు ఇవతల నీళ్ల ట్యాంకర్ ఒకటి రోడ్డుకు అడ్డంగా తిరుగుతుంటే నేను ఆగాను. నా వెనుక బైకులు ఆగాయి. ఎడమ పక్క సిమెంటు, ఇనుము అమ్మే దుకాణం. దాని ముందు నుంచి ఒక పెద్ద తెల్ల కారు వెనక్కి రావడం మొదలుపెట్టింది. వస్తోంది. ఇంకా వస్తోంది. ఎక్కడో ఒకచోట ఆగుతుందిలే అనుకున్నాను. ఆగింది. నా ఎడమ ముందు తలుపులో ఆగింది.

"యేసయ్యా!" అంది అవ్వ వెనుక నుంచి.

ఇక్కడ నేను చేయాల్సింది ఏమిటో ఇప్పుడు నిద్రలో లేపి అడిగినా చెబుతాను. మొదట వెనక్కి తిరిగి, అవ్వా దెబ్బ తగిలిందా అని అడగాలి. నేను అడగలేదు. బైకు దిగి వచ్చిన ఒకాయన నేను తెరిచి వదిలిన తలుపులోంచి తొంగిచూసి అడిగాడు. ఆమె బాగానే ఉంది. నేను మాత్రం అప్పటికే కిందికి దూకి నా తలుపు ముందు నిలబడి, చచ్చిన మనిషిని చూసినట్టు దాన్ని చూస్తున్నాను.

తెల్ల కారులోంచి దుకాణం సేటు దిగాడు. మెత్తటి మనిషి. చేతులు రెండూ జోడించినంత పని చేశాడు.

"సారీ తమ్ముడూ, చూసుకోలేదు."

అంతలోనే బైకుల వాళ్లంతా చుట్టూ చేరారు. అందరూ నా పక్కనే.

"ఏంది సేటు, గా అద్దం తల దువ్వుకునేతందుకు పెట్టుకున్నవా?"

"ఆగిన బండి సుత కనబడతలేదా?"

"తలుపు ఎట్ల లోపలికి పోయిందో సూడు. కొత్తది ఏపియ్యాలె సేటూ."

నేను నోరు విప్పకపోతే కథ అక్కడే ముగిసేది. జేబులో ఫోన్ ఉంది. ప్లేట్లో బిర్యానీ కనిపిస్తే ముద్ద ముట్టకముందే ఫోటో తీసే మనిషిని నేను. ఆ రెండు కార్లూ ఒకదానికొకటి అతుక్కొని ఉండగా ఒక్క ఫోటో తీయలేదు. ఎందుకంటే చుట్టూ అంతమంది జనం ఉన్నారు. జనం కనిపిస్తే నాకు కార్లు కనిపించవు.

"అయ్యో సేటూ, నువ్వెందుకు సారీ చెప్తవ్?" అన్నాను చేతులూపుతూ. "తప్పంతా నాదే! నువ్వు ఎనుకకు వస్తవని తెల్వక గీడ రోడ్డేసిన్రు. తెల్వక నేను బండి కొన్న. అంతకుముందే తెల్వక మా అమ్మ నన్ను కన్నది. రాసుకో సేటూ, తప్పంతా నాదే!"

నవ్వులే నవ్వులు. హెల్మెట్ చంకలో పెట్టుకొని ఒకాయన వంగి మరీ నవ్వాడు. ఇంకొకాయన ఫోన్ తీసి, "అన్నా, మళ్లొక్కసారి" అన్నాడు. మళ్లొకసారి చెప్పాను. ఈసారి ఇంకా బాగా వచ్చింది. సేటు కూడా నవ్వాడు. ఆ నవ్వు ఎందుకో నాకు తర్వాత తెలిసింది.

అప్పుడు ఎవరో గడియారం చూశారు.

"నవ్వింది సాలు అన్నా, బండి పక్కకు తియ్యి. మస్టర్ టైం అయితంది. ఆలస్యమైతే హాజరు పడదు."

"నేను తీస్త గని, పోలీసోళ్లు..."

"పోలీసోళ్లు వచ్చేదాక ఉంటే మా డ్యూటీ పోతది. పట్టున్రి, నూకున్రి!"

పది చేతులు పడ్డాయి. రోజూ భూమి లోపల బరువులు తోసే చేతులు. నా కారు రోడ్డు పక్కన మురికి కాలువ అంచున నిలబడే దాకా వదల్లేదు. ఎవరో రోడ్డు మీద రాలిన లైటు అద్దం ముక్కలను కూడా బూటుతో పక్కకు నెట్టారు. ట్యాంకర్ పోయింది, సేటు "సాయంత్రం కూర్చొని మాట్లాడుకుందాం తమ్ముడూ" అని పోయాడు, నా వైపు మాట్లాడిన వాళ్లంతా బైకులెక్కి పోయారు. ఒక్కరి పేరు అడగలేదు. ఒక్కరి నంబర్ తీసుకోలేదు. వీడియో తీసినాయన నంబర్ మాత్రం తీసుకున్నాను, వీడియో కోసం.

అవ్వను ఇంట్లో దింపి ఇన్సూరెన్స్ వాళ్లకు ఫోన్ చేశాను. ఒక అమ్మాయి ఎత్తింది.

"సార్, వాహనం ప్రమాదం జరిగిన చోటే ఉందా?"

"చోటు ఆడనే ఉందమ్మా. వాహనమే లేదు."

"ఫోటోలు ఉన్నాయా సార్?"

"నావా, బండివా?"

"సార్, ఈ కాల్ రికార్డవుతోంది" అంది. తమ సర్వేయర్ వచ్చి చూసే దాకా రిపేరు చేయించొద్దని మూడుసార్లు చెప్పింది. అదొక్కటే నేను విన్న మంచి మాట, అది కూడా షెడ్డుకు పోవడానికి నా దగ్గర తీరిక లేక విన్నాను. తీరిక ఎందుకు లేదంటే ఆ వీడియోను స్టేటస్ పెట్టుకునే పనిలో ఉన్నాను. ఆయన తీయడం మొదలుపెట్టింది నవ్వులు వచ్చాక. కాబట్టి సేటు చెప్పిన సారీ అందులో లేదు. నేను ఒప్పుకున్న తప్పు మాత్రం నా గొంతుతో, నా ముఖంతో, నా సొంత నంబర్ నుంచి ఊరంతటికీ కనిపించింది.

సాయంత్రం పోలీస్ స్టేషన్ నుంచి ఫోన్. సేటు కూర్చొని మాట్లాడుకుందామన్నది ఇక్కడా అనుకున్నాను.

ముందు ఎవరు ఫిర్యాదు ఇస్తే వాళ్లే బాధితులని సేటుకు ఎవరో చెప్పినట్టున్నారు. ఆయన నెమ్మదిగా బండి వెనక్కి తీస్తుంటే, నేను స్పీడుగా వచ్చి సందులోంచి దూరబోయి తగిలించానని రాసిచ్చాడు. హెడ్ కానిస్టేబుల్ నా లైసెన్సు తీసుకొని అటూ ఇటూ తిప్పి బల్ల సొరుగులో పెట్టాడు.

"సార్, నా బండి ఆగి ఉండె."

"సాక్షులున్నరా?"

"ఇరవై మంది ఉన్నరు సార్."

"ఏరి?"

"భూమి లోపల ఉన్నరు."

ఆయన కలం కింద పెట్టాడు. "పరాష్కమా?"

"అయ్యో కాదు సార్! రెండో షిఫ్టు. బాయిల దిగిన్రు."

ఆయన తన ఫోన్ తీసి నా ముందు పెట్టాడు. అందులో నేను చేతులూపుతున్నాను. తప్పంతా నాదే. రాసుకో సేటూ. స్టేషన్‌లో ఒక్కరూ నవ్వలేదు. అంత చక్కటి మాట అంత చచ్చుగా వినిపించడం నా జీవితంలో అదే మొదటిసారి.

"గది జోకు సార్."

"గట్లనా? మరి జోకని కింద రాయకపోతివి" అన్నాడాయన. "సాక్షిని తీస్కరా. లేకుంటే నిర్లక్ష్యపు డ్రైవింగ్ కేసు రాస్త. అప్పటిదాక లైసెన్సు ఈడనే."

ఆ సొరుగు మూసుకున్న చప్పుడు నా తలుపు సొట్టపడ్డ చప్పుడు కన్నా పెద్దగా వినిపించింది. ఆ కార్డు లేకపోతే నేను స్టీరింగ్ పట్టుకోకూడదు. కేసు ఎక్కితే ఆ తర్వాత నన్ను కిరాయికి పిలిచేవాడే ఉండడు. పెళ్లికూతుర్ని పంపాలన్నా, ముసలివాళ్లను పంపాలన్నా జనం మొదట అడిగేది ఈ డ్రైవర్ ఎట్లాంటోడు అనే.

మర్నాడు మధ్యాహ్నం బాయి గేటు ముందున్న చాయ్ హోటల్ దగ్గర కాపు కాశాను. రెండో షిఫ్టు వాళ్లు వచ్చారు. నేను వాళ్లను గుర్తుపట్టక ముందే వాళ్లు నన్ను గుర్తుపట్టారు.

"ఓ తప్పంతా నాదే అన్న! మా ఇంట్లో అందరు చూసిన్రే నీ వీడియో. ఒక్కసారి చెప్పు, మావోడు వినలే."

కడుపు మండిపోయింది. "జోకు తర్వాత చెప్త. ఒక్కలు ఠాణాకు రాన్రి. బండి ఆగి ఉండె అని ఒక్క మాట చెప్తే సాలు."

"ఆగే ఉండె గదా" అన్నాడు ఒకడు, నేను కాదన్నట్టు.

"గదే వచ్చి చెప్పు!"

"ఇయ్యాల డ్యూటీ అన్న. నాగా పెట్టరాదు."

"రేపు?"

"రేపు సుత డ్యూటే."

కారు నూకడంలో అందరికన్నా ముందున్న మనిషి చాయ్ ఊదుకుంటూ నాకు బుద్ధి చెప్పడం మొదలుపెట్టాడు. "అసలు నువ్వు బండి తియ్యనియ్యకుండ ఉండాలె. మా బాయిల ఏదన్న అయితే పెద్దసార్లు వచ్చి చూసేదాక రాయి సుత ముట్టం. ఎక్కడిది అక్కడనే. గది రూలు."

"మరి నా బండిని ఎందుకు నూకినవే?"

ఆయన నన్ను చిన్నపిల్లాణ్ని చూసినట్టు చూశాడు. "గది రోడ్డు. గిది బాయి."

ఏడవాలో నవ్వాలో తెలియలేదు. రెండూ చేస్తే మళ్లీ ఎవడో వీడియో తీస్తాడు. వాళ్లు బాయిలో తలకు పెట్టుకునే దీపాలు తెచ్చుకోవడానికి లోపలికి పోయారు. చెడ్డవాళ్లు కాదు. నా చాయ్ పైసలు కూడా వాళ్లే ఇచ్చి పోయారు. అది ఇంకా మండించింది. చాయ్ తాగించే మనుషులు ఒక మాట చెప్పడానికి రారు.

వారం అట్లాగే గడిచింది. దుకాణం ఎదురుగా ఉన్న టిఫిన్ సెంటర్ వాడికి కెమెరా ఉందని తెలిసి ఆశగా పోయాను. అది రోడ్డును కాక వాడి గల్లాపెట్టెను చూస్తోంది. కారు ఇంటి ముందు సొట్ట తలుపుతో నిలబడి ఉంది. రోజూ తుడుస్తున్నాను, ఎక్కడికీ పోని బండిని.

అవ్వను మళ్లీ కంటి డాక్టర్ దగ్గరికి తీసుకుపోవాల్సిన రోజు వచ్చింది. నేను రాలేనని, వేరే బండి చూసుకోమని చెప్పడానికి ఆమె ఇంటికి పోయాను.

"ఎందుకు రావు బిడ్డా?"

చెప్పాను. మొత్తం చెప్పాను. ఆమె నల్లద్దాలు సర్దుకొని, మంచం మీది నుంచి లేచి కొంగు సవరించుకుంది.

"ఆటో పిలువు. ముందుగాల ఠాణాకు పోదాం."

"నువ్వా? అవ్వా, నువ్వు కండ్లు మూసుకొని ఉంటివి గదనే!"

"ఆటో పిలువుమన్న."

స్టేషన్‌లో హెడ్ కానిస్టేబుల్ ఆమె అద్దాలు చూసి నా వైపు తిరిగాడు. "ఏమయ్యా, సాక్షిని తెమ్మంటే కంటి ఆపరేషన్ అయినామెను తెచ్చినవా?"

"నేను ఏం చూడలే అయ్యా" అంది అవ్వ, ఆయన చూపించక ముందే కుర్చీ లాక్కొని కూర్చుంటూ. "ఎవలు ఎవల్ని గుద్దిన్రో నాకు తెల్వది. తెల్వంది చెప్ప. ఆదివారం చర్చిల కూసునేదాన్ని, అబద్ధం ఆడ. గని ఈని బండి నడుస్తలేదు. ఈడు పిసినారి. యాడ ఆగితే ఆడ ఇంజన్ బందు పెడతడు, నూనె కాలుతదని. ఇంజన్ బందైతే ఏసీ బందు. కండ్లు మూసుకొని, కిటికీ అద్దాలెక్కించుకొని ఉడికి సచ్చిన. ఏసీ ఎయ్యరా అని నేను తిడుతనే ఉన్న, ఈడు గీ ట్యాంకర్ పోనియ్యవ్వా, గీ ట్యాంకర్ పోనియ్యవ్వా అంటనే ఉన్నడు. గంతల దడేల్‌మన్నది. ఇంజనే లేని బండి స్పీడుగ యాడికెళ్లి వస్తది అయ్యా?"

నిజమే. ఇంజన్ ఆపిన సంగతి నాకే గుర్తులేదు. నన్ను తిట్టడానికి దాచిపెట్టుకున్న మాటలన్నీ ఆమె వరుసగా చెబుతోంది, ఒక్కొక్క తిట్టుకూ నా లైసెన్సు సొరుగులోంచి ఒక్కో అంగుళం బయటికి వస్తోంది.

హెడ్ కానిస్టేబుల్ మొదటిసారి నవ్వాడు. సేటును పిలిపించాడు. ట్యాంకర్ ఉండెనా అని అడిగాడు. సేటు ముందు గుర్తులేదన్నాడు, తర్వాత ఉన్నట్టుందన్నాడు, ఆ తర్వాత అవ్వ నల్లద్దాల వైపు చూసి కాగితం వెనక్కి తీసుకుంటానన్నాడు. నేను కూడా తలుపు సంగతి ఎత్తకుండా సంతకం పెట్టాలట. పెట్టాను. ఏ తప్పూ చేయని వాడు, తప్పు చేసిన వాడు చెరిసగం రాజీ. అయినా లైసెన్సు చేతికి వచ్చింది. ఆ పూట నాకు కావాల్సింది అదే.

ఆటోలో కంటి దవాఖానకు పోతుంటే ఇక ఆగలేకపోయాను.

"అవ్వా, గీ ఒక్క మాట ఆ రోజు రోడ్డు మీదనే చెప్తే అయిపోతుండె గదనే. వారం రోజులు కుక్క లెక్క తిరిగిన. అప్పుడెందుకు చెప్పలేదే?"

అవ్వ అద్దాల కింది నుంచి కారుతున్న నీళ్లు కొంగుతో అద్దుకుంది.

"నువ్వు మాట్లాడ సందిస్తివా బిడ్డా?"