గునుగు వేరు

ఈ పొద్దున ల్యాబులో ఒక రైతు తెచ్చిన మట్టి సంచి విప్పగానే పచ్చిపసుపు వాసన గుప్పుమంది.  ఇన్నేళ్లయినా ఆ వాసనకు సునంద మేడం గుర్తొస్తారు. మట్టి పరీక్ష నాకు నేర్పింది ఆవిడే.

నేను ఆవిడ దగ్గర ఉద్యోగంలో చేరిన ఏడాది, ఖానాపూర్ దగ్గర మా బాపు పసుపు చేను ఆకులు పండుబారి కుంగిపోయింది. మేడం ఆ మట్టిని నీళ్లలో కలిపి, జల్లెడ పట్టి, ఒక చుక్క మైక్రోస్కోపు కింద పెట్టారు. మామూలు కంటికి కనిపించని నులిపురుగులు అందులో మెలికలు తిరుగుతున్నాయి.

"పసుపు వేర్ల మీదనే బతుకుతున్నయన్నా. ఒక్క ఏడాది బీడు పెట్టు, తిండి లేక సస్తయి," అన్నారు బాపుతో. ఎవరి మాటా వినని మా బాపు ఆవిడ మాట విన్నాడు. ఆ ఏడాది పసుపు వేయలేదు, మా ఇంట్లో పసుపు కొమ్ములు ఉడకలేదు.

బీడంతా గునుగు మొక్కలు తెల్లగా విరగబూశాయి. బతుకమ్మ పేర్చడానికి వాడకట్టంతా వచ్చి ఆ పూలు కోసుకుపోయారు. మేం అవ్వా అని పిలిచే మా అమ్మ మురిసిపోయింది, నేనూ మురిశాను. పండుగ దాటాక మట్టి చూస్తే పురుగులు తగ్గకపోగా ఇంకా పెరిగాయి! నా కళ్లను నేనే నమ్మలేకపోయాను. పంటే లేని నేలలో ఇవి ఏం తిని బతికాయి? వారం రోజులు ఇద్దరం ఆ చేలోని కలుపు మొక్కల వేర్లు కడిగి చూశాం. ఏమీ దొరకలేదు. చివరికి మేడం, నా వైపు చూడకుండా, ఒక గునుగు మొక్క పీకారు. వేరు నిండా జొన్నగింజలంత బుడిపెలు. పంట లేని నేలలో పురుగులకు తిండి పెట్టింది ఈ గునుగే.

ఆ మొక్క చేత్తో పట్టుకునే మేడం మా వాకిట్లోకి వచ్చారు.

"తప్పు నాదన్నా. గునుగు మీద నాకు మొదటి నుంచే అనుమానం ఉండె. మీ పండుగ పువ్వాయె. చర్చికి పొయ్యేదాన్ని, పీకేయమంటె ఏమనుకుంటరో అని నోరు మూసుకున్న. నీ ఏడాది పంట నేనే పోగొట్టిన."

అంత చదివిన ఆఫీసరు మా బాపు ముందు తల వంచుకుని నిలబడ్డారు. బాపు ఆ మొక్కను అందుకుని వేరు తిప్పి చూశాడు. అవ్వ అంది:

"గట్లెందుకనుకుంటివి మేడం? బతుకమ్మకు రెండు గంపల పువ్వైతె సాలు, గది గుట్ట మీద గూడ దొరుకుతది. జర ఒక్క మాట అడిగితె నేనే పీకి పారేస్తుంటి."

మేడం ముఖం పాలిపోయింది. అవ్వ తిట్టి ఉంటే తట్టుకునేవారేమో.

ఆ తర్వాత ఆవిడ రాసిన ప్రతి రిపోర్టు చివర ఒక కొత్త గడి ఉండేది: చూడకుండా వదిలేసిన మొక్కలు, ఎందుకు వదిలేశాం. ఇప్పుడు నేనూ రాస్తున్నాను, రాసిన ప్రతిసారీ సిగ్గుపడుతున్నాను. ఆ వారం రోజులూ గునుగు మీద నాకూ అనుమానం వస్తూనే ఉంది, అయినా ఆ మొక్కలను దాటుకునే నడిచాను. ఆవిడ భయానికి ఒక కారణమైనా ఉంది. నాకేముంది? అడగాల్సింది మా అవ్వనే కదా.